దుభాషి మారిన వేళ

పాఠ్యాంశ ఉద్దేశం

యంత్రానికి ఆజ్ఞలిచ్చే భాషలోనూ అర్థభేదాలు ఉంటాయని గ్రహింపజేయడం. దోషం కనిపించినప్పుడు తొందరపడక, దాని కారణాన్ని క్రమపద్ధతిలో అన్వేషించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

నేపథ్యం

తెరపై బొమ్మలను తాకి కంప్యూటర్ చేత పని చేయించుకోవడం నేడు అందరికీ అలవాటు. అంతకు పూర్వం ప్రతి ఆజ్ఞనూ అక్షరాలలో టైపు చేసి ఇవ్వవలసి ఉండేది. అటువంటి పాత కంప్యూటర్లలో ఆజ్ఞలను గ్రహించే ప్రోగ్రామును తొలగించి, దాని స్థానంలో వేరొక దానిని నెలకొల్పినప్పుడు ఎదురయ్యే చిక్కులను, వాటిని విడదీసే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రం మీద ఆంగ్లాక్షరాలలో ఉండే ఆజ్ఞలు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఇవ్వబడినవి.

పాఠం

ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరు వ్యవహారం జరుపుకోవాలంటే, ఆ రెండు భాషలూ ఎరిగిన మూడవ వ్యక్తి కావాలి. అతడే దుభాషి. ఆంగ్లేయుల పాలనాకాలంలో చెన్నపట్నంలో దుభాషీలకు గొప్ప పలుకుబడి ఉండేది. 1830, 1831 సంవత్సరాలలో కాశీయాత్ర చేసి, ఆ విశేషాలను ‘కాశీయాత్రా చరిత్ర’గా మనకందించిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుభాషిగా పనిచేసినవాడే. అంత దూరం పోనక్కరలేదు. అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. కొండల మీద కువి వంటి భాషలు మాట్లాడేవారు, మైదానంలో తెలుగు మాట్లాడేవారు కలుసుకొనే ఇటువంటి సీమలో దుభాషి విలువ ఎంతటిదో ఊహించవచ్చు. బేరం కుదరడమూ చెడడమూ అతని మాట మీదనే ఆధారపడి ఉంటుంది.

దుభాషి సమర్థుడైనప్పుడు అతడు మధ్యలో ఉన్నాడన్న సంగతినే ఇరువురూ మరచిపోతారు. అతడు మారిననాడు మాత్రం చిక్కులు బయటపడతాయి. కొత్తవాడు పాతవానికంటె తెలివైనవాడే కావచ్చు. అయినా పాతవాడు పట్టించుకోని చిన్న మాటను కొత్తవాడు ఆజ్ఞగా తీసుకొనవచ్చు. పాతవాడు అలవాటుగా సర్దుకొన్న పొరపాటును కొత్తవాడు సర్దకపోవచ్చు. చెప్పినవాడు మారలేదు, విన్నవాడు మారలేదు. నడుమ ఉన్నవాడు మారినందున అర్థం మారింది. మనిషికీ కంప్యూటర్‌కూ నడుమ జరిగేదీ ఇదే.

యంత్రపు దుభాషి

కంప్యూటర్ లోపలి భాగాలకు మన మాటలు తెలియవు. కీబోర్డు మీద మనం టైపు చేసిన పంక్తిని చదివి, అందులో ఆజ్ఞ ఏది, ఆ ఆజ్ఞ వర్తించే ఫైలు ఏది అని విడదీసి, ఆపరేటింగ్ సిస్టంకు తెలియజెప్పే ప్రోగ్రాము ఒకటి ఉండాలి. దానికి కమాండ్ ఇంటర్‌ప్రెటర్ అని పేరు. యంత్రాన్ని పైనుండి కప్పి ఉంచే పెంకు వంటిది కాబట్టి దానినే ‘షెల్’ అని కూడ అంటారు.

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించినప్పుడు దానితోపాటు డాస్ అనే ఆపరేటింగ్ సిస్టం వెలువడింది. ఆ డాస్‌లోని దుభాషి పేరు కమాండ్.కామ్. అది చిన్నది, నమ్మదగినది. కాని సౌకర్యాలు తక్కువ. చాలాకాలం వరకు అది తనకు చివరగా ఇచ్చిన ఒక్క పంక్తిని మాత్రమే గుర్తుంచుకొనేది. అంతకు ముందు ఇచ్చిన ఆజ్ఞ మళ్ళీ కావాలంటే మొదటి నుండి టైపు చేయవలసిందే.

ఈ కొరతను తీర్చడానికి 1989లో రెక్స్ కాన్, టామ్ రాసన్ అనే ఇద్దరు అమెరికన్లు ఫోర్‌డాస్ అనే ప్రత్యామ్నాయ షెల్‌ను రూపొందించి జేపీ సాఫ్ట్‌వేర్ సంస్థ ద్వారా విడుదల చేశారు. పాత ఆజ్ఞలను నెమరు వేసుకోవడం, పొడుగాటి ఆజ్ఞకు పొట్టి మారుపేరు పెట్టుకోవడం, ప్రతి ఫైలుకూ ఒక వివరణ జతచేయడం వంటి అనేక సదుపాయాలు అందులో ఉన్నాయి. దీనినే కొద్ది మార్పులతో ఎన్‌డాస్ అన్న పేరున నార్టన్ యుటిలిటీస్‌లో చేర్చారు.

డాస్‌కు కాలం చెల్లుతున్నదని తోచిన రోజులలో, 1994 జూన్ 29న, విస్కాన్సిన్‌లో భౌతికశాస్త్రం చదువుతున్న జిమ్ హాల్ అనే విద్యార్థి అందరికీ ఉచితంగా లభించే డాస్‌ను నిర్మిద్దామని ప్రకటించాడు. అలా మొదలైన ఫ్రీడాస్ 2006 సెప్టెంబరు 3న 1.0 సంఖ్యతో పూర్తిరూపం దాల్చింది. దాని దుభాషికి ఫ్రీకామ్ అని పేరు. తరువాతి సంవత్సరాలలో మన దేశంలో కొన్ని లాప్‌టాప్‌లను విండోస్ లేకుండా ఫ్రీడాస్‌తో తక్కువ ధరకు అమ్మారు. వాటిని కొన్న విద్యార్థులకు మొదట కనిపించింది నల్లని తెర, దానిమీద మిణుకుమిణుకుమనే చిన్న గీత మాత్రమే.

పాత యంత్రాలను ఇంకా ఎందుకు నడపాలి అన్న ప్రశ్న సహజం. యంత్రం పాతదైనా అందులోని సమాచారం పాతబడదు. పాతికేళ్ల క్రిందటి ఖాతాలు, జాబితాలు, 1991 నాటి ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి దాచిన భారతీయ భాషల రాతలు అప్పటి ప్రోగ్రాములలోనే సరిగా తెరచుకొనే సందర్భాలున్నాయి. సమాచారాన్ని కొత్త రూపంలోకి మార్చుకొనేవరకైనా పాత యంత్రం పనిచేయాలి. దాని దుభాషి సరిగా పలకాలి.

నాలుగు చిక్కులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. నర్సీపట్నంలో మన్యం పసుపు, చింతపండు కొనుగోలు చేసే ఒక వ్యాపారి ఉన్నాడనుకుందాం. అతని పాత ఖాతాలన్నీ ఫాక్స్‌ప్రోలో వ్రాసిన ఒక ప్రోగ్రాములో, పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇంటర్మీడియట్ చదువుతున్న అతని కుమార్తె తండ్రి శ్రమ తగ్గించాలని ఆ యంత్రంలో కమాండ్.కామ్‌కు బదులు ఫోర్‌డాస్‌ను నెలకొల్పింది. మొదటి రోజు అంతా సవ్యంగానే సాగినట్లు తోచింది. తరువాత చిక్కులు ఒక్కొక్కటిగా బయలుదేరాయి.

మొదటిది చోటు చాలని చిక్కు. డాస్ నడిచేటప్పుడు కొన్ని పేర్లను, వాటి విలువలను ఒక చిన్న సంచిలో దాచుకొంటుంది. ప్రోగ్రాములు ఏ డైరెక్టరీలలో ఉన్నవి, తాత్కాలికపు ఫైళ్లు ఎక్కడ పెట్టాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. దానిని ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఎం.ఎస్.డాస్‌లో ఎవరూ ఏమీ చెప్పకపోతే ఈ సంచి పరిమాణం 256 బైట్లు మాత్రమే. కాన్ఫిగ్.సిస్ అనే ఫైలులో దుభాషి పేరు చెప్పే ‘షెల్’ పంక్తిలోనే సంచి ఎంత పెద్దదిగా ఉండాలో కూడ చెప్పవచ్చు. పాత పంక్తిలో 1024 బైట్లని ఎవరో ముందుచూపుతో వ్రాసి ఉంచారు. కుమార్తె ఆ పంక్తిని చెరిపి, కొత్త దుభాషి పేరు వ్రాసి, పరిమాణం వ్రాయడం మరచింది. సంచి నిండిపోయింది, చివరగా చేరవలసిన వివరం చేరలేదు. దాని ఫలితం మరెక్కడో కనిపించింది: ఖాతాల ప్రోగ్రామును పిలిస్తే అటువంటి ప్రోగ్రామే లేదని యంత్రం జవాబిచ్చింది. ప్రోగ్రాము డిస్కులో పదిలంగానే ఉన్నది. అది ఉన్న చోటును తెలిపే చీటీ మాత్రమే సంచిలో పట్టలేదు.

ఇదే కోవకు చెందినది మెమొరీ కొరత. డాస్ ప్రోగ్రాములు సాధారణంగా 640 కిలోబైట్ల ప్రధాన మెమొరీలోనే ఇమడాలి. ప్రోగ్రాము నడిచేటప్పుడు దుభాషి తాను ప్రక్కకు తప్పుకొని ఆ చోటును ప్రోగ్రాముకు వదలాలి. కమాండ్.కామ్ తనలో కొంత భాగాన్ని ఇలా వదలుకొంటుంది. ఫోర్‌డాస్ తనను తాను ఎక్స్‌ఎంఎస్ అనే అదనపు మెమొరీలోకో, డిస్కులోకో తరలించుకొంటుంది. ఎక్స్‌ఎంఎస్‌లోకి వెళ్ళాలంటే హైమెమ్ వంటి డ్రైవరు ముందుగా సిద్ధమై ఉండాలి. తరలింపే లేకుండా అమర్చితే దుభాషి పీట దిగకుండా కూర్చొంటాడు. పెద్ద ప్రోగ్రాముకు చోటు చాలదు. ఫ్రీకామ్‌లోనూ ఎక్స్‌ఎంఎస్‌లోకి తరలే రూపం ఒకటి, తరలని రూపం ఒకటి ఉన్నాయి. కాబట్టి మెమొరీ చాలదన్న సందేశం కనిపించినప్పుడు ప్రోగ్రామును నిందించక ముందు, ‘మెమ్’ అనే ఆజ్ఞ ఇచ్చి చోటును ఎవరెవరు ఆక్రమించి ఉన్నారో చూడాలి.

రెండవది చిరునామా చిక్కు. దుభాషి ఏ ఫైలులో ఉన్నాడో తెలిపే చిరునామాను డాస్ కామ్‌స్పెక్ అన్న పేరుతో దాచుకొంటుంది. ఒక ప్రోగ్రాములో ఉండగానే మధ్యలో వేరొక ఆజ్ఞ నడపదలిస్తే, ఆ ప్రోగ్రాము కామ్‌స్పెక్‌ను చూచి దుభాషిని పిలుస్తుంది. కుమార్తె షెల్ పంక్తిని మార్చినది గాని, ఆటోఎగ్జిక్.బ్యాట్ అనే మరొక ఫైలులో కామ్‌స్పెక్‌ను పాత కమాండ్.కామ్‌కు ముడిపెట్టిన పంక్తి ఒకటి అలాగే ఉండిపోయింది. అందువల్ల బయట ఉన్నంతసేపు ఆమె పెట్టుకొన్న మారుపేర్లన్నీ పనిచేశాయి. ఖాతాల ప్రోగ్రాము లోపలినుండి ఆజ్ఞ ఇచ్చినప్పుడు మాత్రం ఒక్కటీ పనిచేయలేదు. లోపల పలికినవాడు పాత దుభాషి! ఆ ఒక్క పంక్తిని తొలగించడంతో చిక్కు విడిపోయింది. పాత కమాండ్.కామ్‌లోనూ ఈ చిరునామా కీలకమే. పెద్ద ప్రోగ్రాము ముగిసిన తరువాత అది తాను వదలుకొన్న భాగాన్ని కామ్‌స్పెక్ చూపిన చోటినుండి తిరిగి చదువుకొంటుంది. ఆ చిరునామా ఫ్లాపీకి చెందినదై, ఫ్లాపీని అప్పటికే బయటకు తీసి ఉంటే యంత్రం నిలిచిపోతుంది.

మూడవది గుర్తుల చిక్కు. తెలుగులో ‘పాలు పోలేదు’ అని విడదీసి వ్రాస్తే ఒక అర్థం. ‘పాలుపోలేదు’ అని కలిపి వ్రాస్తే ఏమి చేయాలో తోచలేదని మరొక అర్థం. విరుపు ఎక్కడ ఉన్నదో దానిని బట్టి అర్థం. యంత్రభాషలోనూ విరుపును తెలిపే గుర్తులున్నాయి. ఫోర్‌డాస్‌లో ^ అనే గుర్తు రెండు ఆజ్ఞల నడుమ విరుపు. కమాండ్.కామ్‌కు అది మామూలు గుర్తు మాత్రమే. ఖాతాల కోసం వ్రాసిన పాత బ్యాచ్ ఫైలులో, పై పంక్తిలో కనిపించే తేదీని వ్రేలితో చూపినట్లుగా ‘ఎకో ^ డేట్’ అన్న పంక్తి ఉన్నది. కమాండ్.కామ్ ఆ గుర్తునూ మాటనూ తెరమీద చూపి ఊరుకొనేది. ఫోర్‌డాస్ దానిని రెండు ఆజ్ఞలుగా చదివింది. ‘ఎకో’ ఒకటి, ‘డేట్’ ఒకటి. ‘డేట్’ అనగా యంత్రంలోని తేదీని చూపి, కొత్త తేదీ ఏమిటని అడుగుమన్న ఆజ్ఞ.

“అమ్మా, ఇది తేదీ అడుగుతున్నది. పాత బిల్లు తేదీ వేయమంటావా?” అని తండ్రి అడిగాడు.

“ఆగండి నాన్నా, ఏమీ వేయవద్దు. ఇంతకు ముందు ఎప్పుడైనా ఇక్కడ తేదీ అడిగిందా?” అని కుమార్తె ప్రశ్నించింది.

ఎన్నడూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వలన కీడు తప్పింది. అతడు పాత బిల్లు తేదీని వేసి ఉంటే యంత్రం గడియారమే వెనుకకు పోయేది; ఆనాటి పద్దులన్నీ తప్పు తేదీతో నమోదయ్యేవి. విరుపు గుర్తుగా కాక మామూలు అక్షరంగా చదవవలసిన భాగాన్ని ` అనే వెనుక కొటేషన్ గుర్తుల నడుమ ఉంచితే ఫోర్‌డాస్ దానిని విడదీయదు. ‘సెట్‌డాస్’ ఆజ్ఞతో విరుపు గుర్తునే మార్చుకొనే వీలు కూడ ఉన్నది.

మారుపేర్లతోనూ ఇటువంటి తడబాటే కలుగుతుంది. నకలు తీసే ‘కాపీ’ అనే ఆజ్ఞకు, పాత ఫైలు మీద వ్రాసే ముందు అనుమతి అడుగుమని ఒక మారుపేరు పెట్టుకొన్నాం అనుకుందాం. జాగ్రత్తకు అది మంచిదే. కాని రాత్రివేళ ఎవరూ లేనప్పుడు తనంత తాను నకళ్లు తీయవలసిన బ్యాచ్ ఫైలులో కూడ అదే మారుపేరు అమలవుతుంది. యంత్రం అనుమతి కోసం తెల్లవార్లూ వేచి ఉంటుంది. ఆజ్ఞకు ముందు * గుర్తు చేర్చితే ఫోర్‌డాస్ మారుపేరును విడిచి అసలు ఆజ్ఞనే నడుపుతుంది.

నాలుగవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఫైళ్ల పేర్లలో * గుర్తు ‘ఏదైనా కావచ్చు’ అన్న అర్థాన్నిస్తుంది. కుమార్తె అవసరం తీరిన ఫైళ్ల పేర్ల చివర ‘పాత’ అని చేర్చేది. ‘డెల్ *పాత.టీఎక్స్‌టీ’ అంటే పేరు చివర ‘పాత’ ఉన్నవాటిని మాత్రమే ఫోర్‌డాస్ చెరిపేది. కొన్ని నెలలలో ఆ పద్ధతి ఆమె చేతికి అలవాటైంది. ఒకనాడు యంత్రం మొరాయించగా, పాత ఎం.ఎస్.డాస్ ఫ్లాపీతో దానిని ప్రారంభించవలసి వచ్చింది. అప్పుడు మాట వినేది కమాండ్.కామ్. ఆ దుభాషి చేతిలో * గుర్తు తరువాత, చుక్క వరకు ఉన్న అక్షరాలు లెక్కలోనికి రావు. ‘*పాత’ అన్నా ‘*’ అన్నా దానికి ఒకటే. అదే ఆజ్ఞ ఇస్తే ఆ డైరెక్టరీలోని టీఎక్స్‌టీ ఫైళ్లన్నీ, కొత్తవీ పాతవీ, ఒక్క క్షణంలో చెరిగిపోతాయి. డైరెక్టరీలోని సమస్తాన్ని చెరపమన్నప్పుడు ‘నిశ్చయమేనా’ అని అడిగే కమాండ్.కామ్, ఇటువంటి ఆజ్ఞకు ఆ మాత్రం ప్రశ్న కూడ వేయదు.

ఇక్కడ గమనించవలసిన విశేషమున్నది. ఈ కీడు కొత్త దుభాషి వలన కలిగినది కాదు. కొత్త దుభాషికి అలవాటుపడిన చేయి పాత దుభాషికి ఆజ్ఞ ఇచ్చినందువలన కలిగేది. మార్పు యంత్రంలో మాత్రమే జరగదు. మనిషి అలవాటులో కూడ జరుగుతుంది.

దీనికి రక్షణ సులభం. చెరిపే ఆజ్ఞ ఇచ్చే ముందు అదే గుర్తుతో ‘డిర్’ అనే చూపే ఆజ్ఞను ఇవ్వాలి. ‘డిర్ *పాత.టీఎక్స్‌టీ’ అన్నప్పుడు పది పేర్లకు బదులు వంద పేర్లు కనిపిస్తే, వింటున్నవాడు ఎవరో అప్పుడే తెలిసిపోతుంది. ఒకవేళ పొరపాటు జరిగిపోయినా గాభరాపడరాదు. డాస్ ఫైలును చెరిపినప్పుడు పేరులోని తొలి అక్షరాన్ని మాత్రం మార్చి, ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకొంటుంది. లోపలి సమాచారాన్ని వెంటనే తుడిచివేయదు. ఆ డిస్కు మీద మరేమీ వ్రాయకుండా ఉంటే ఎం.ఎస్.డాస్ 5 నుండి వచ్చిన ‘అన్‌డిలీట్’ వంటి సాధనాలతో చాలావరకు తిరిగి పొందవచ్చు. తొందరపడి మరికొన్ని ఫైళ్లను నకలు చేస్తేనే అసలు నష్టం స్థిరపడుతుంది.

నిదానం

తెలుగులో ‘నిదానం’ అంటే తొందరలేని తనం. ఆయుర్వేదంలో ‘నిదానం’ అంటే రోగకారణం. రోగాన్ని నిర్ణయించే శాస్త్రభాగానికి కూడ అదే పేరు. మాధవకరుడు రచించిన ప్రసిద్ధ గ్రంథం ‘మాధవనిదానం’ అన్న పేరుతోనే వ్యవహారంలో ఉన్నది. ఈ రెండర్థాలూ ఒక్క మాటలో ఇమిడి ఉండడం ఈ సందర్భానికి ఎంతో తగియున్నది. తొందరపడేవానికి కారణం దొరకదు.

ఆయుర్వేదం రోగనిర్ణయానికి ఐదు ఉపాయాలను చెప్పింది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. యంత్రదోషాన్ని వెదకడానికి కూడ ఈ ఐదూ చక్కగా అన్వయిస్తాయి.

నిదానం అంటే కారణం. నిన్నటికీ నేటికీ మారినదేమిటి అన్నది మొదటి ప్రశ్న కావాలి. షెల్ పంక్తి మారిందా, ఫ్లాపీతో ప్రారంభించామా, బ్యాచ్ ఫైలును తాకామా అని జ్ఞప్తికి తెచ్చుకోవాలి. పూర్వరూపం అంటే రోగం ముదరక ముందు కనిపించే సూచన. ప్రతి ప్రోగ్రాము ముగియగానే డిస్కు దీపం మునుపటికంటె ఎక్కువసేపు వెలుగుతూ ఉంటే, దుభాషి మెమొరీలోకి కాక డిస్కులోకి తరలుతున్నాడేమోనని అనుమానించాలి. రూపం అంటే స్పష్టమైన లక్షణం. తెరమీది సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా వ్రాసుకోవాలి. ‘ఏదో తప్పు వచ్చింది’ అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు.

ఉపశయం అంటే ఒక మందునో పథ్యాన్నో ఇచ్చి, దాని గుణాన్ని బట్టి రోగాన్ని నిర్ణయించడం. ఎం.ఎస్.డాస్ 6లో యంత్రం ప్రారంభమయ్యేటప్పుడు ఎఫ్5 మీట నొక్కితే అమరికలన్నింటినీ విడిచి, పాత కమాండ్.కామ్‌తో మొదలవుతుంది. ఎఫ్8 నొక్కితే కాన్ఫిగ్.సిస్‌లోని ఒక్కొక్క పంక్తినీ అమలు చేయాలా వద్దా అని అడుగుతూ పోతుంది. మొదటిదానితో యంత్రం కుదురుగా పనిచేస్తే దోషం అమరికలలో ఉన్నదని తెలుస్తుంది. రెండవదానితో అది ఏ పంక్తిలో ఉన్నదో తెలుస్తుంది. ఒక పర్యాయం ఒక్క మార్పే చేయాలి. మూడు మందులు ఒకేసారి వేసిన వైద్యునికి రోగి కోలుకొన్నా ఏ మందు పనిచేసిందో తెలియదు. ఈ కారణంగానే కొత్త దుభాషి వచ్చినా పాత దుభాషిని ఇంటినుండి వెళ్ళగొట్టరాదు. కమాండ్.కామ్‌ను డిస్కులో దాని చోట ఉంచాలి. ప్రారంభించే ఫ్లాపీ ఒకటి విడిగా సిద్ధం చేసుకోవాలి. షెల్ పంక్తిలో ఒక్క అక్షరం తప్పినా యంత్రం దుభాషి దొరకక ఆగిపోతుంది కనుక ఈ ముందుజాగ్రత్త తప్పనిసరి.

చివరిది సంప్రాప్తి. కారణం నుండి లక్షణం వరకు రోగం ఎలా నడచి వచ్చిందో తెలుసుకోవడం సంప్రాప్తి. యంత్రాన్ని ఆపి మళ్ళీ ప్రారంభిస్తే బాగుపడింది అన్నంత మాత్రాన నిర్ణయం పూర్తికాదు. పరిమాణం వ్రాయలేదు, అందువలన సంచి నిండింది, అందువలన చిరునామా చేరలేదు, అందువలన ప్రోగ్రాము దొరకలేదు అని గొలుసులోని ప్రతి కొక్కెమూ పట్టుబడాలి. అప్పుడే అదే రోగం మళ్ళీ రాదు, వచ్చినా భయపెట్టదు.

నేటికీ వర్తించే పాఠం

ఇది పాత కంప్యూటర్లకే పరిమితమైన సంగతి కాదు. 2006లో ఉబుంటు అనే లినక్స్ పంపిణీ తన 6.10 రూపంలో, స్క్రిప్టులను చదివే సామాన్య షెల్‌గా బాష్‌కు బదులు డాష్ అనే చిన్న షెల్‌ను నెలకొల్పింది. యంత్రం త్వరగా ప్రారంభం కావడం దాని ప్రయోజనం. కాని బాష్‌కు మాత్రమే తెలిసిన పలుకుబళ్లతో వ్రాసిన స్క్రిప్టులు అక్కడక్కడ ఆగిపోయాయి. 2019లో ఆపిల్ సంస్థ మ్యాక్‌ఓఎస్‌లో కొత్త వాడుకరులకు బాష్ స్థానంలో జడ్‌షెల్‌ను ముఖ్య షెల్‌గా ఇచ్చింది. యంత్రాలు మారాయి, వేగం పెరిగింది. దుభాషి మారినప్పుడు అర్థం మారడం మాత్రం మారలేదు.

దుభాషిని మార్చుకోవడం తప్పు కాదు. మార్పు లేనిదే సౌకర్యం పెరగదు. మార్చినప్పుడు ఏ ఫైలులో ఏ పంక్తిని, ఏ తేదీన, ఎందుకు మార్చామో ఒక నోటుపుస్తకంలో వ్రాసి యంత్రం ప్రక్కనే ఉంచాలి. మూడు నెలల తరువాత చిక్కు వచ్చిననాడు, ఆ పంక్తి వ్రాసిన చేయి మనదే అయినా, దానిని మరచిపోయి ఉంటాం. ఆనాడు ఆ నోటుపుస్తకంలోని రెండు వాక్యాలు ఒక పూట వెదుకులాటను తప్పిస్తాయి. ఒక్కొక్కసారి పదేళ్ల ఖాతాలను కాపాడతాయి.

కఠిన పదాలు – అర్థాలు

దుభాషి: రెండు భాషలు తెలిసి, ఒకరి మాటను మరొకరికి తెలియజెప్పేవాడు
ప్రత్యామ్నాయం: ఒకదానికి బదులుగా వాడదగినది
ముఖద్వారం: ప్రవేశించే ప్రధానమార్గం
విరుపు: మాటల నడుమ ఆగే చోటు
పద్దు: ఖాతాపుస్తకంలో వ్రాసిన అంశం
మొరాయించు: కదలక మొండికెత్తు
ఉపశయం: మందు, పథ్యం మొదలైనవాటి ఫలితాన్ని బట్టి రోగాన్ని గుర్తించడం
సంప్రాప్తి: రోగం పుట్టి పెరిగిన క్రమం
కొక్కెం: గొలుసులో ఒకదానినొకటి తగిలించే వంపు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ‘దుభాషి మారినందున అర్థం మారింది’ అన్న భావాన్ని పాఠంలోని నాలుగు చిక్కుల ఆధారంగా నిరూపించండి.
2. ఆయుర్వేదంలోని ఐదు రోగనిర్ణయోపాయాలు యంత్రదోషానికి ఎలా అన్వయిస్తాయో వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. కామ్‌స్పెక్ అనగానేమి? అది తప్పుగా ఉంటే ఏమవుతుంది?
2. తండ్రి తేదీ వేయకుండా కుమార్తె ఎందుకు ఆపింది?
3. చెరిపే ఆజ్ఞకు ముందు ‘డిర్’ ఇవ్వడం వలన ప్రయోజనమేమి?
4. పాత దుభాషిని డిస్కులో ఉంచాలని ఎందుకు చెప్పబడింది?

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. తొందరపడేవానికి కారణం దొరకదు.
2. లోపల పలికినవాడు పాత దుభాషి!
3. యంత్రం పాతదైనా అందులోని సమాచారం పాతబడదు.

IV. వ్యాకరణం
1. సంధులు విడదీసి, పేర్లు వ్రాయండి: ప్రత్యామ్నాయం, ఆంగ్లాక్షరాలు, రోగనిర్ణయోపాయాలు.
2. విగ్రహవాక్యాలు వ్రాసి, సమాసాల పేర్లు తెలపండి: రోగకారణం, పాత దుభాషి, నాలుగు చిక్కులు.

V. ప్రాజెక్టు పని
మీ ఇంటిలోగాని కళాశాలలోగాని పాడైన ఒక పరికరాన్ని ఎంచుకొని, దాని దోషాన్ని నిదానం మొదలు సంప్రాప్తి వరకు ఐదు శీర్షికల క్రింద పరిశీలించి, ఒక నివేదిక వ్రాయండి.